తెలిసిన హోటలా? తెలియని ఇల్లా?

విదేశీ ప్రయాణం అనగానే "అన్ని దేశాల్లోనూ ఉండే పేరున్న హోటల్లోనే దిగండి, గొడవుండదు" అంటారు అందరూ. నిజమే. ఎక్కడికెళ్లినా అదే మంచం, అదే బాత్‌రూమ్, అర్ధరాత్రి చేరినా తలుపు తీసే మనిషి. కానీ అక్కడి వాళ్లెలా బతుకుతారో ఆ గదిలో కూర్చుంటే ఎలా తెలుస్తుంది చెప్పండి?

మా అత్తగారితో జపాన్ వెళ్లినప్పుడు శిరకావా-గోలో 'మిన్‌షుకు'లో దిగాం. అంటే ఓ కుటుంబం తమ ఇంట్లోనే గది ఇచ్చి, వండిపెట్టే బస. గడ్డికప్పుల ఇళ్లున్న ఆ ఊరు 1995లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి, పడక చాప మీద పరుపు. "మన పల్లెలాగే ఉందమ్మాయ్!" అని అత్తగారు సంబరపడ్డారు.

చిక్కంతా భోజనం దగ్గరే. చేపముక్క కనిపించకపోయినా, మిసో సూప్‌కి సాధారణంగా ఎండుచేప మరిగించిన నీళ్లే వాడతారట! శాకాహారి అయిన ఆవిడ ఆ పూట ఉత్త అన్నంతో సరిపెట్టుకున్నారు. ముందే చెప్పకపోవడం నా తప్పే.

అందుకే గది ఖాయం చేసుకునేటప్పుడే "చేప వద్దు, చేప మరిగించిన నీళ్లూ వద్దు" అని విడిగా రాయండి. అద్దె గదికా, మనిషికా కనుక్కోండి. స్నానాలగది అందరికీ ఒకటేనేమో అడగండి. రాత్రి భోజనం పెందలాడే పెడతారు, ఆలస్యం చేయకండి.

దిగిన రాత్రికీ, తిరుగు ప్రయాణం ముందు రాత్రికీ తెలిసిన హోటల్. మధ్యలో రెండు రోజులు ఎవరింట్లోనో. ఇప్పుడు నా పద్ధతి ఇదే. మరి మీదో?