అటకమీది కంప్యూటరు

నాణెములు, తపాలా బిళ్లలు, పాత గ్రంథములు సేకరించువారు ప్రతి యూరను కనబడుదురు. వారిని చూచి నవ్వువారును కనబడుదురు. ఇటీవలి దశాబ్దములలో ఆ కోవలోనికి మరియొక వర్గము వచ్చి చేరినది. నలువది యేండ్ల క్రిందటి కంప్యూటర్లను సంపాదించి, దుమ్ము తుడిచి, మరమ్మతు చేసి, ఇంటిలో ఒక గది నిండ నిలుపుకొనువారు వీరు. ఇంగ్లండు, అమెరికా దేశములలో ఈ అభిరుచి బాగుగ వేరూనినది. పాత సామానుల వానికి వేయదగిన దానికి ఇంత పరిచర్య యేల యని ఇంటివారే విసుగుకొనుట కద్దు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానమును ఉన్నది.

ఆ సమాధానము ధనము కాదు. 1976లో స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన ఆపిల్-1 సుమారు 200 మాత్రమే తయారైనది. నాటి వెల 666 డాలర్ల 66 సెంట్లు. 2014లో హెన్రీ ఫోర్డు మ్యూజియము వానిలో ఒకదానిని వేలములో 9,05,000 డాలర్లకు కొన్నది. ఇట్టి వార్తలు విని, పాత పెట్టె యెల్ల బంగారమని భ్రమపడరాదు. అభిరుచిగలవారి ఇండ్లలో నుండునవి ప్రాయికముగ లక్షల సంఖ్యలో అమ్ముడైన సామాన్య యంత్రములే. 1981 నాటి బి.బి.సి. మైక్రో, 1982 నాటి సింక్లెయిర్ స్పెక్ట్రమ్, కొమొడోర్ 64 అట్టివి.

ఈ యంత్రముల మొదటి ప్రయోజనము విద్య. బి.బి.సి. మైక్రోలో ప్రసిద్ధమైన నమూనాకు 32 కిలోబైట్ల మెమొరీ మాత్రమే. మీట నొక్కినంతనే బేసిక్ భాష సిద్ధముగ నుండును; ఏమి చేయవలెనో వ్రాయుమని తెర ఎదురుచూచును. దానిలోని ప్రాసెసరున ట్రాన్సిస్టర్లు కొద్ది వేలు. నేటి చేతిఫోనులోని చిప్పున అవి వందల కోట్లు. వందల కోట్లను ఏ ఒక్కడును సాంతము తెలిసికొనలేడు. కొద్ది వేలను ఒక శ్రద్ధగల విద్యార్థి కొన్ని నెలలలో ఆకళించుకొనగలడు. చిన్న గడియారమును విప్పి చూచిన పిల్లవానికి కాలము కొలుచు విధము తెలిసినట్లే, ఇట్టి యంత్రమును విప్పినవానికి కంప్యూటరు మంత్రము కాదని తెలియును.

రెండవది చరిత్ర. 1984లో ఆరంభమైన ‘క్లాస్’ పథకము క్రింద మన దేశపు పాఠశాలలలో అడుగిడినది ఈ బి.బి.సి. మైక్రోయే. అంతకు ముందే, 1967లో హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, టి.డి.సి. అను పేర వరుసగ స్వదేశీ కంప్యూటర్లను నిర్మించినది. ఆ నగరముననే కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థులలో ఎందరు ఆ పేరు విన్నారు? పేరు మరచుటకు వస్తువు కంటబడకుండుటయే తొలి కారణము.

మూడవది అన్నిటికంటె గురుతరము. ఇంగ్లండున 1086లో రాజాజ్ఞపై దేశపు భూముల, సంపదల వివరములు తోలు పత్రములపై లిఖితమైనవి. దానికి తొమ్మిది వందల యేండ్లు నిండిన సందర్భమున, 1986లో, వేలాది పాఠశాలల పిల్లలు తమ తమ ఊళ్ల విశేషములు వ్రాసి పంపగా, బి.బి.సి. వానిని లేసరు పళ్లెములపై నిక్షిప్తము చేయించినది. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ పళ్లెములను చదువగల యంత్రములు అరుదైపోయినవి. 2002లో పరిశోధకులు శ్రమించి, పాత యంత్రమును అనుకరించు ప్రోగ్రామును నిర్మించి, వానిని మరల చదివించిరి. తోలు పత్రములు మాత్రము నేటికిని చదువ నలవియగుచునే యున్నవి.

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. తాళపత్రములలో మరుగుపడియున్న నన్నెచోడుని కుమారసంభవమును మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించి వెలుగులోనికి తెచ్చెను. శతాబ్దములు గడచినను ఆ ఆకును చదువుటకు లిపి తెలిసిన కన్ను చాలినది. ఫ్లాపీని చదువుటకు కన్ను చాలదు. దానికి తగిన యంత్రము కావలెను, ఆ యంత్రమున తగిన ఫాంటును కావలెను. యూనికోడు వాడుకలోనికి రాకపూర్వము తెలుగు పుస్తకములు, పత్రికలు, పాఠశాలల సంచికలు ఏ సంస్థ ఫాంటున దాని సంకేతములతోనే కూర్పబడినవి. ఆ ఫాంటు లేనిచోట ‘అమ్మ’ అను మాటయు అర్థములేని గుర్తులుగ మారును. అచ్చైన ప్రతి చిరిగి, ఫ్లాపీ బూజుపట్టినచో, ఆ రచన ముప్పది యేండ్లకే నశించినట్లు. నడచు స్థితిలోనున్న పాత యంత్రము ఒక ఇంటిలో నున్నచో, అది ఆ యింటి ముచ్చట మాత్రమే కాదు, పదిమందికి తాళపుచెవి.

అయినను ఈ అభిరుచికి నియమములు కావలెను. కూడబెట్టుట వేరు, కాపాడుట వేరు. మదర్‌బోర్డుపై కారిన బ్యాటరీ రాగి గీతలను తినివేయును. కనుక మొదట దానిని తొలగింపవలెను. పాత కెపాసిటర్లను పరీక్షింపక విద్యుత్తు నీయరాదు. పిక్చర్ ట్యూబున మీట కట్టిన పిదపను ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. నిపుణుడు లేక పిల్లలు దానిని తెరువరాదు. బాగుపడని వానిని చెత్తకుప్పలో పారవేయరాదు. సీసము, కాడ్మియము నేలలో కలియును. 2023 ఏప్రిలు నుండి అమలునకు వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనల ప్రకారము వానిని నమోదైన సంస్థలకే అప్పగింపవలెను.

ఉపాధ్యాయులు చేయదగిన పని చిన్నది. పాఠశాల సామాను గదిలోని పాత కంప్యూటరును వేలము జాబితాలో చేర్చుటకు ముందు, అందేమున్నదో ఒక దినము పరిశీలింపవలెను. ఉన్నదానిని కొత్త సాధనమునకు ఎక్కించి, తెలుగు పాఠమును యూనికోడులోనికి మార్పించవలెను. యంత్రముతో వచ్చిన వివరణ పుస్తకమును భద్రపరుపవలెను. ఎప్పుడు వచ్చినది, ఎవరు వాడిరి, ఏమి చేసిరి అను మూడు సంగతులు ఒక కాగితమున వ్రాసి దానికి అంటింపవలెను. ఆ కాగితము లేని యంత్రము పాత ఇనుము. ఆ కాగితముగల యంత్రము ఆ పాఠశాల చరిత్రలో ఒక పుట.