హీలియం ఇక్కడిది, ధర అక్కడిది

దోహాలో గేమింగ్ పీసీ కట్టుకోవాలనుకునే మన కుర్రాళ్ల బడ్జెట్ గ్రాఫిక్స్ కార్డు దగ్గరే తలకిందులవుతోంది. 2016లో ఎన్విడియా జీటీఎక్స్ 1080 ప్రకటిత ధర 599 డాలర్లు. 2025లో ఆర్‌టీఎక్స్ 5090కి 1,999. (రెండూ సరిగ్గా ఒకే మెట్టువి కావు, నిజమే.) రియాల్ డాలరుకు 3.64 దగ్గర కట్టేసి ఉంది కాబట్టి లెక్క తేలికే: 7,276 రియాళ్లు. అదీ కాగితం మీద. ఇక్కడ వ్యాట్ లేదు, ఇండియాలో 18 శాతం జీఎస్టీ. సెలవుకు ఊరెళ్లేవాళ్లకు "అన్నా, ఒక కార్డు పట్టుకురావా" అని ఫోన్లు రావడంలో వింతేముంది!

తప్పు గేమర్లది కాదు. 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో ఎన్విడియాకు డేటా సెంటర్ల మీద వచ్చింది సుమారు 11,500 కోట్ల డాలర్లు, గేమింగ్ మీద దాదాపు 1,135 కోట్లు. ఏ కొట్టువాడైనా ఎవరి బేరం ముందు చూస్తాడు? మెమరీ చిప్‌లదీ అదే దారి. మైక్రాన్ 2025 డిసెంబరులో, మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండునే ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

చిప్‌ల తయారీకి హీలియం కావాలి. దాన్ని ప్రపంచానికి పెద్దఎత్తున అందించేది మన పక్కనున్న రాస్ లఫాన్. 2017 జూన్‌లో పొరుగుదేశాల దిగ్బంధంతో అక్కడి హీలియం ప్లాంట్లు ఆగిపోయాయి కూడా. అయినా కార్డు ధర విషయంలో దోహా మాట చెల్లదు.

పీసీ గేమింగ్ చచ్చిపోతుందని నేననుకోను. స్టీమ్ సర్వేల్లో ఎక్కువగా కనిపించేవి ఇప్పటికీ 60 శ్రేణి మధ్యరకం కార్డులే. ఈ సంచిక వాటి యజమానుల కోసం.