ఒక్కదాని కోసమైనా పొయ్యి వెలిగించాలి

"నా ఒక్కదాని కోసం ఏం వండుకుంటాలే" అని రాత్రి మిగిలిన అన్నంతోనో, టీలో రెండు బిస్కెట్లతోనో పొద్దున్న గడిపేసే ఇల్లాళ్లు మనలో ఎందరో. ఇంటిల్లిపాదికీ వేళకు వడ్డించే చెయ్యి తన కంచం దగ్గరకొచ్చేసరికి ఎందుకు వెనకాడాలి?

ఇది పావుగంట పని. చెంచా నూనెలో జీలకర్ర, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, రెండు టమాటాలు, పసుపు, ఉప్పు, కారం వేసి మగ్గనివ్వండి. గుజ్జయ్యాక రెండు గుడ్లు కొట్టి పోసి, మూతపెట్టి, సన్నసెగ మీద 4 నిమిషాలు ఉంచండి. పైన మిరియాల పొడి, కొత్తిమీర. సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. బిస్కెట్లలో అంత ఎక్కడిది?

పొదుపంటే మన కడుపు మాడ్చుకోవడం కాదు. "తిన్నావా?" అని అడిగేవాళ్లు ఇంట్లో లేని పూట, ఆ మాట మనల్ని మనమే అడగాలి.