మానేరు ఒడ్డున గాలం వేయాలంటే

మాన్వాడ దగ్గర కట్టిన మిడ్ మానేరు జలాశయంలో దాదాపు 27.5 టీఎంసీల నీళ్లు పడతాయి. నిండితే వెనుక జలాలు సిరిసిల్ల దాకా పాకుతాయి. ఎగువన నర్మాల దగ్గర నిజాం కాలపు ఎగువ మానేరు ఉండనే ఉంది. జగిత్యాల జిల్లా ఉత్తరపు హద్దంతా గోదావరే. ధర్మపురి దాటి కోటిలింగాల చేరేసరికి ఎల్లంపల్లి నీళ్లతో నది విశాలమవుతుంది. కోరుట్ల చుట్టూ చెరువులకు కొదవ లేదు. వేములవాడ, కొండగట్టు, ధర్మపురి యాత్రికులు ఎలాగూ వస్తూనే ఉంటారు. సరదా గాలం వేటకు ఇంత అనువైన చోట్లు తెలంగాణలో ఎన్నో లేవు.

అయితే ఈ నీళ్లు ఖాళీగా పడి లేవు.

చెరువుల్లో చేపల హక్కు ముదిరాజ్, గంగపుత్ర కులాల మత్స్య సహకార సంఘాలది. పెద్ద జలాశయాల్లో లైసెన్సున్న వాళ్లే వల వేయాలి. ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. బొచ్చె, రవ్వ, బంగారు తీగ అలా పెరిగినవే. పైగా మిడ్ మానేరు అడుగున అనుపురం, రుద్రవరం, కొదురుపాక, చింతల్‌ఠాణా రైతుల పొలాలున్నాయి. ఆ నీటి మీద వచ్చే ప్రతి రూపాయిలో మొదటి వాటా వాళ్లకే దక్కాలి.

గాలం వేటగాళ్ల కన్ను ఎక్కువగా పడేది కొర్రమట్ట మీద. రాష్ట్ర చేప కూడా అదే. గాలి పీల్చడానికి అది పైకి వస్తుంది. తుంగ, తామర ఆకుల మధ్య కప్ప బొమ్మను లాగితే ఎగిరి అందుకుంటుంది. వానాకాలంలో గుడ్లు పెట్టి, ఎర్రెర్రని పిల్లల గుంపుకు తల్లి, తండ్రి చేపలే కాపలా కాస్తాయి. ఆ రోజుల్లో పెద్దదాన్ని పట్టి తీసుకెళితే కాపలా లేని పిల్లలను మిగతా చేపలు మింగేస్తాయి. జలాశయాల్లో జులై, ఆగస్టుల్లో వేట ఆపేది చేపలు గుడ్లు పెట్టే కాలమనే. గాలానికీ అదే నిషేధం వర్తించాలి.

కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి దగ్గర మహశీర్ చేపను పట్టి, తూచి, నీళ్లలోకి వదిలే పద్ధతి చాలా ఏళ్లు నడిచింది. చుట్టుపక్కల పల్లెవాసులకు గైడ్ల పని దొరికింది. వన్యప్రాణి చట్టం అడ్డొచ్చి అక్కడ గాలం వేట ఆగింది. మానేరు జలాశయాల దగ్గర ఆ చిక్కు లేదు. ఇక్కడ గాలానికి రోజు టికెట్టు మత్స్య సంఘమే ఇవ్వాలి, తెప్ప నడిపేది ఆ ఊరి మత్స్యకారుడే కావాలి, కొర్రమట్టను తిరిగి వదలాలి. ఎగువ నుంచి వరద వస్తోందన్న కబురు అందగానే ఒడ్డు ఖాళీ చేయించే అధికారం కూడా సంఘానికే ఉండాలి.