ముందు... వెనక లైటు!

పొద్దుగూకాక చీరాల నుంచి కారంచేడు దారి పట్టిన సైకిలుకు పట్టణం దీపాలు ఎంతోదూరం తోడు రావు. ఇళ్లు పలచబడతాయి. వీధి దీపాలు ఆగిపోతాయి. ఆ తర్వాత రెండు పక్కలా పొలాలే. నిర్మాత రామానాయుడు పుట్టిన ఊరుగా సినిమా వాళ్లకి కూడా తెలిసిన కారంచేడు 2022లో ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది కానీ ఊరికీ ఊరికీ మధ్య రాత్రిపూట చీకటి మాత్రం పాతదే. ఆ చీకట్లోనే తెల్లారకముందు పాలు పోయడానికి ఒకరు, ట్యూషన్ అయ్యాక ఇంటికి ఒకరు, చీరాలలో రైలు దిగి ఒకరు, నీళ్ల వంతు వచ్చిందని కాలవ కట్ట మీదుగా పొలానికి ఒకరు... సైకిళ్లు తిరుగుతూనే ఉంటాయి.

వీళ్లలో ఎవరు కొట్టుకెళ్లినా అడిగేది ఒకటే. 'బాగా వెలుతురొచ్చే లైటు ఇవ్వండి.' కొట్టాయన హ్యాండిల్‌కి బిగించేది ఒకటి తీసి గోడమీదికి కొట్టి చూపిస్తాడు. కళ్లు జిగేల్‌మంటాయి. బేరం కుదురుతుంది. వెనక సంగతి? మడ్‌గార్డు మీద ఎప్పుడో కంపెనీ బిగించిన ఎర్రబిళ్ల ఉందిగా అనుకుంటారు. అది ఉందో, ఊడిపోయిందో, బురద పట్టిందో చూసేవాళ్లు తక్కువ.

కానీ లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని డ్రైవరుకి తట్టి, బ్రేకు తొక్కి, బండి ఆగేసరికి పొడి రోడ్డు మీదే సుమారు 45 మీటర్లు అయిపోతాయి. డిమ్ లైటులో ముదురురంగు చొక్కా వేసుకున్న మనిషి అంత దూరం నుంచి ఆనడం కష్టం. ఎదురుగా వచ్చే బండిని సైకిలు మీదున్నాయన చూడగలడు, పక్కకి తప్పుకోగలడు. వెనక నుంచి వచ్చేదాన్ని చూడలేడు. అక్కడ తన ప్రాణం పూర్తిగా అవతలివాడి కంటిలోనే ఉంది. అందుకే జేబులో డబ్బులు ఒక్క లైటుకే సరిపోతే, ముందు కొనాల్సింది వెనక లైటు.

ఎర్రబిళ్ల, అదే రిఫ్లెక్టర్, పనికిరానిదేం కాదు. తన మీద పడ్డ వెలుగుని వచ్చిన దిక్కుకే తిప్పి పంపడం దాని పని. అంటే హెడ్‌లైటు పడితేనే అది మెరుస్తుంది. లైట్లు లేకుండా వచ్చే ట్రాక్టరుకీ, సందులోంచి అడ్డంగా దూసుకొచ్చే మోటారుసైకిలుకీ అది కనిపించదు. సైకిళ్ల రిఫ్లెక్టర్లు నాణ్యతా ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలని 2020లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. అయితే బిళ్లని లైటుకి తోడుగా చూడాలిగానీ లైటుకి బదులుగా కాదు. అన్నట్టు, రిఫ్లెక్టర్ టేపు ముక్కని సీటు కింద కంటే పెడళ్లకీ, చెప్పుల మడమలకీ అంటిస్తే ఎక్కువ ఫలితం. పైకీ కిందకీ కదిలే మెరుపుని చూడగానే డ్రైవరుకి అది మైలురాయి కాదు, సైకిలు తొక్కుతున్న మనిషి అని తెలిసిపోతుంది.

మన పల్లెల్లో ఇంకో చిక్కుంది. పట్నంలో సైకిళ్లకు వెనక లైటు సీటు కింది గొట్టానికి బిగిస్తారు. ఇక్కడ క్యారియర్ మీద పచ్చగడ్డి మోపు ఉంటుంది, లేదంటే బియ్యం బస్తా. రెండు పక్కలా పాల క్యాన్లు. లేదా వెనకాల ఇల్లాలు కూర్చుంటుంది. ఇంకేముంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, ఎవరికీ కనిపించదు! కాబట్టి క్యారియర్ చివరో, మడ్‌గార్డు కిందో బిగించాలి. మోపు మరీ పెద్దదైతే లైటు ఊడదీసి మోపు వెనకాలే కట్టుకోవాలి. రబ్బరు పట్టీతో తగిలించే రకం కొంటే ఈ పని నిమిషంలో అయిపోతుంది.

ఒకప్పుడు సైకిలుకి లైటు లేకపోవడం పెద్ద తప్పే. సాయంత్రమైతే కూడలిలో కానిస్టేబుల్ కాపు కాసేవాడు. కిరసనాయిలు దీపం లేకుండా దొరికితే జరిమానా, లేకపోతే టైర్లలో గాలి తీసేయడం. ఆ తర్వాత డైనమోలు వచ్చాయి. టైరుకి రాసుకుంటూ గుయ్యిమని తిరిగే ఆ బుడ్డి 6 వోల్టులు, 3 వాట్ల కరెంటు ఇచ్చేది. బ్యాటరీ ఖర్చు లేదు. కానీ తొక్కితేనే వెలుగు. మలుపు దగ్గర ఆగితే, అంటే సరిగ్గా అవసరమైనప్పుడు, దీపం ఆరిపోయేది. వానలో టైరు మీద జారేది. అయినా దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. జర్మనీలో 2013 దాకా సైకిలుకి డైనమో లైటే ఉండాలన్న నిబంధన ఉండేది, ఆ ఏడాదే బ్యాటరీ లైట్లని ఒప్పుకొన్నారు. ఇప్పటి డైనమో లైట్లలో కొన్ని, సైకిలు ఆగాక కూడా కాసేపు వెలుగుతాయి.

తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు రావడం ఎల్‌ఈడీల పుణ్యం. నీలం ఎల్‌ఈడీని సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ ఇచ్చారు. తెల్లటి ఎల్‌ఈడీ దీపాలకి దారి చూపింది ఆ నీలమే. ఒక వాటుకి సుమారు 100 ల్యూమెన్ల వెలుగు వస్తుందిప్పుడు. ల్యూమెన్ అంటే దీపం నుంచి వచ్చే మొత్తం వెలుగుకి కొలత.

ఇక్కడే మోసమూ మొదలైంది. డబ్బా మీద '10,000 ల్యూమెన్లు' అని ఉంటుంది. బొటనవేలంత బ్యాటరీ. అవి సాధారణంగా 18650 రకం, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఇలాంటి బ్యాటరీల్లో మంచివాటి సామర్థ్యం 3500 ఎంఏహెచ్ దగ్గర ఉంటుంది. దాని మీద 9900 అని రాసి ఉంటే కొనకుండా వెనక్కి ఇచ్చేయండి. మంచి బ్యాటరీ ఒకటి సుమారు 13 వాట్-అవర్ల కరెంటు దాచుకుంటుంది. 1000 ల్యూమెన్ల దీపానికి 10 వాట్లు కావాలి, అంటే గంటంపావు. అదే 200 ల్యూమెన్లతో వెలిగిస్తే ఆరు గంటలు. పదివేలు ఎక్కడి నుంచి వస్తాయి?

పోనీ వచ్చాయే అనుకుందాం, ఏం చేసుకుంటారు? సైకిలు వేగం గంటకు 15 కిలోమీటర్లు. సెకనుకి నాలుగు మీటర్లు. ముందు 10, 15 మీటర్ల రోడ్డు శుభ్రంగా కనిపిస్తే చాలు, ఆగిపోవచ్చు. కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు, మధ్యలో పడుకున్న గేదె... అన్నీ ఆ దూరంలో తెలిసిపోతాయి. దానికి రెండు మూడు వందల ల్యూమెన్లు సరిపోతాయి, అవి నేల మీద పడితే! టార్చిలైటులాగా గుండ్రంగా, చెట్ల కొమ్మల దాకా వెలుగు చల్లే లైటు సైకిలుకి మంచిది కాదు. కాలవ కట్ట మీద ఎదురుగా వచ్చే మనిషి కళ్లలో అది పడితే, ఆ కళ్లు మళ్లీ చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. అప్పటిదాకా కట్ట అంచు ఎక్కడుందో, కాలవ ఎక్కడుందో ఆయనకి ఎవరు చెబుతారు? కార్ల హెడ్‌లైటులాగా పై అంచు కత్తిరించినట్టుండే వెలుగు ఇచ్చే లైట్లు ఉన్నాయి. కొనేముందు గోడ మీద వేసి ఆ అంచు చూడాలి.

దొరక్కపోతే, ఉన్నదాన్ని వంచుకోవడం ఎలాగో చూద్దాం. గోడకి 5 మీటర్ల దూరంలో, అంటే ఆరేడు అంగల్లో సైకిలు నిలబెట్టండి. లైటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. గోడమీద వెలుగు నడిమధ్య అందులో సగం ఎత్తుకి రావాలి. మీటరు ఎత్తున లైటుంటే వెలుగు అరమీటరు దగ్గర. అప్పుడు అది సరిగ్గా 10 మీటర్ల దగ్గర నేలని తాకుతుంది. ఈ లెక్కకి బడిపిల్లల త్రిభుజాలు చాలు. పిల్లలతోనే చేయించండి, సరదాగా చేస్తారు.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు వెలుగు పెంచితే తెల్లటి గోడ ఎదురైనట్టు ఉంటుంది. తగ్గించాలి, వీలైతే లైటుని కిందికి జరపాలి. వానాకాలం ఉసుళ్లు ముసిరే రాత్రి కూడా తల మీది లైటు వద్దు, పురుగులన్నీ మొహం మీదకే వస్తాయి.

మిణుకుమిణుకుమనే లైట్లు కుర్రాళ్లకి ఇష్టం. ముందు వైపు నిలకడగా వెలగనివ్వడమే మేలు. ఆరి వెలిగే దీపం ఎంత దూరంలో ఉందో ఎదుటివాళ్లకి పోల్చుకోవడం కష్టం. వెనక రెండు పెట్టుకోగలిగితే ఒకటి నిలకడగా, ఒకటి మిణుకుతూ ఉంచొచ్చు. ఎర్ర లైటు మాత్రం ఎప్పుడూ ముందు పెట్టకూడదు. వచ్చేదో పోయేదో తెలియక లారీవాడు తికమక పడతాడు.

డెన్మార్క్‌లోని ఒడెన్సేలో 2004-05లో దాదాపు 4 వేలమంది సైకిలిస్టులతో ఒక ప్రయోగం జరిగింది. సుమారు సగం మందికి పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండే లైట్లు బిగించారు. చక్రం పుల్లలకు అయస్కాంతాలు, బ్యాటరీ లేదు, స్విచ్ లేదు. గాయాలు తగిలిన ప్రమాదాలు వాళ్లలో 19 శాతం తక్కువగా నమోదయ్యాయి. అందులో చూడాల్సింది, ఆ లైట్లని వేయడం మరచిపోయే వీలే లేకపోవడం.

మన లైట్లకి స్విచ్ ఉంది, ఛార్జింగ్ ఉంది. ఫోన్‌తోపాటు దాన్నీ సాయంత్రం నలుగురూ మెలకువగా ఉన్నప్పుడే పెట్టేయాలి, పడుకునేటప్పుడు మంచం పక్కన కాదు. ఉబ్బిన బ్యాటరీని అసలు పెట్టకూడదు. తడిసిన లైటుని ఆరబెట్టాకే తీగ గుచ్చాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఛార్జింగ్ రంధ్రానికి చిలుము పడుతుంది, దాని రబ్బరు మూత ఎప్పుడూ వేసి ఉంచాలి. ఇక వెనక అద్దం మీద బురద... బయల్దేరేముందు చొక్కా అంచుతో తుడిస్తే పోతుంది.