జేజి కథలో సాలీడు

పోచంపల్లి అంటే ఇక్కడ చీరల పోచంపల్లి కాదు, మన కృష్ణగిరి జిల్లాలోని వారపు సంత పోచంపల్లి. తాత చేయి పట్టుకుని సంతకు వెళ్ళిన మూడేళ్ళ బిడ్డ ముందు చూసేది మేకను, కోడిని, ఎద్దును. గుడికి వెళ్ళినా అంతే. జేజి కంటే ముందు నందిని, ఎలుకను, నెమలిని గుర్తుపడతాడు. పసిపిల్లల భక్తి పుస్తకాల నిండా జంతువుల బొమ్మలుండటం అందుకే.

మన హోసూరు, కృష్ణగిరి వైపు ఇళ్ళలో ఇలాంటి పుస్తకాల అవసరం మరీ ఎక్కువ. ఇంట్లో మాట తెలుగు, బడిలో అక్షరం తమిళం, ఇంగ్లీషు. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వవలసిందే, ఈ నేల భాష అది. కాని చాలా ఇళ్ళలో అవ్వ చదివే పుస్తకం మనవడికి రాదు, మనవడు చదివేది అవ్వకు రాదు. ఇద్దరూ కలిసి చదవగలిగేది బొమ్మ ఒక్కటే. 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగులో 'చందమామ', తమిళంలో 'అంబులిమామ' వెలువడ్డాయి. అవే బొమ్మలు రెండు భాషల పిల్లలనూ అలరించాయి. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు కాని, ఆ ఉపాయం మనకు ఇప్పటికీ పనికివస్తుంది.

శ్రీకాళహస్తి కథనే తీసుకోండి. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ధూర్జటి 16వ శతాబ్దంలో కావ్యంగా చెప్పిన ఈ కథ నాలుగేళ్ళ బిడ్డకూ అర్థమవుతుంది. సాలీడు లింగానికి గూడు అల్లింది. పాము మణులు పెట్టింది. ఏనుగు మణులను పక్కకు నెట్టి, తొండంతో నీళ్ళు పోసి, మారేడాకులు వేసింది. పాముకు ఆ ఆకులు చెత్తగా కనిపించాయి. కోపంతో తొండంలో దూరింది. చివరికి రెండూ చనిపోయాయి.

కొన్ని పుస్తకాలు ఈ చావును దాటేసి, నేరుగా మోక్షం పేజీకి వెళ్ళిపోతాయి. పిల్లలు భయపడతారని కాబోలు. అలా దాటేయకండి. "ఏనుగు మణులెందుకు తీసేసింది అవ్వా?" అని బిడ్డ అడిగేది అక్కడే. ఒకరి పూజ ఇంకొకరికి చెత్తగా కనిపించవచ్చు, స్వామి మాత్రం మూడు పూజలూ అందుకున్నాడు అని చెప్పవలసిందీ అక్కడే. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ పక్కపక్కనే వినిపించే మన వీధుల్లో పెరిగే బిడ్డకు ఇంతకంటే ముఖ్యమైన పాఠం ఏముంది?

పక్కింటి పిల్లల కథలూ ఇలాగే ఉంటాయి. క్రైస్తవుల ఇళ్ళలో నోవహు ఓడలో జంతువులు జంటలుగా ఎక్కుతాయి. ఖురానులో సులేమాను సైన్యం వస్తున్నదని చీమ తోటి చీమలను హెచ్చరిస్తుంది. ప్రవక్త దాగిన గుహకు సాలీడు గూడు అల్లి కాపాడిందని ముస్లిం సంప్రదాయ కథ. వారు ప్రవక్తల బొమ్మలు వేయరు కనుక, అలాంటి పుస్తకాల్లో సాలీడు, చీమలే కథను నడపాలి. బౌద్ధుల జాతక కథల్లో బోధిసత్త్వుడే జింకగా, కోతిగా పుట్టాడు. కాళహస్తి సాలీడును ఎరిగిన మన బిడ్డకు గుహ దగ్గరి సాలీడు పరాయిది కాదు.

పుస్తకం కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. జంతువు దేవుడి పక్కన అలంకారంగా నిలబడిందా, లేక తానే ఏదైనా పని చేస్తున్నదా? పేజీకి రెండు మూడు వాక్యాలకు మించి ఉన్నాయా? 1996లో మొదలైన చెన్నై తూలిక వారు ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉన్న బొమ్మల పుస్తకాలు వేశారు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. అన్నీ భక్తి కథలు కాకపోయినా, జంతువులకు కొదవ లేదు. బ్యాంకు మనిషిని కనుక ఒక మాట. రోజుకు పది నిమిషాలు చాలు, రికరింగ్ డిపాజిట్‌లా తప్పకుండా కట్టాలి, అంతే.

పుస్తకం దొరకలేదని ఊరుకోనక్కరలేదు. హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వరుని స్థలపురాణంలో శివుడు ఉడుము రూపంలో కనిపించాడంటారు. ఆ ఉడుమును మీ పిల్లల చేత గీయించండి. కింద అవ్వ చెప్పిన మాటను మన యాసలోనే రాయండి. పంపితే వచ్చే సంచికలో ఈ శీర్షికలోనే వేసుకుందాం.