బతుకమ్మకు పూలు సరే, సద్దులేవీ?

వినాయకుణ్ణి సాగనంపి ఊపిరి పీల్చుకున్నామో లేదో, పెత్తరమాస వచ్చేస్తుంది. భాద్రపద అమావాస్యను తెలంగాణ ఇళ్ళల్లో అలాగే అంటాం. పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మను పేరుస్తాం. అక్కణ్ణుంచి ఆశ్వయుజ శుద్ధ అష్టమి దాకా తొమ్మిది రోజుల ఆట. కొన్ని ఊళ్ళలో ఏడు రోజులకే ముగిస్తారు. ఎవరి ఆనవాయితీ వారిది.

పోయిన ఏడాది సద్దుల బతుకమ్మ నాడు మా పక్కింటి కోడలు పిల్ల హడావుడిగా వచ్చి, "ఆంటీ, పూలన్నీ దొరికాయి. పులిహోర, పెరుగన్నం కర్రీ పాయింట్‌లో చెప్పేశాను. ఇంకేమైనా కావాలా?" అంది. పూలకు ఆ పిల్ల పెట్టిన ఖర్చు విని నాకు కళ్ళు తిరిగాయి. గునుగుపూలు కొనుక్కోవాలని మా చిన్నప్పుడు ఎవరైనా అంటే నవ్వేవాళ్ళం. చేలల్లో కలుపులా మొలిచేవే కదా! సరే, ఆ పిల్లను అనుకుని లాభం లేదు. పెద్దవాళ్ళం మనం చెబితేగా తెలిసేది. అందుకే ఈ వారం పూల ముచ్చట పక్కన పెట్టి సద్దుల ముచ్చట చెప్పుకుందాం.

సద్ది అంటే మూట గట్టుకుని వెంట తీసుకుపోయే తిండి. చేనుకు పోయేవాళ్ళు సద్దిమూట లేకుండా ఇల్లు కదిలేవారు కాదు. ఆఖరి రోజు బతుకమ్మతో పాటు ఇంట్లో వండినవి చెరువుగట్టుకు తీసుకెళ్ళి, బతుకమ్మను నీళ్ళలో వదిలాక అక్కడే పంచుకుని తింటాం కనుక అది సద్దుల బతుకమ్మ అయింది. గట్టు మీద పళ్ళాలూ కూరలూ ఎక్కడివి? అందుకని దోసిట్లో పెట్టించుకుని తినగలిగేవే వండుతారు. చింతపండు పులిహోర, నిమ్మకాయ అన్నం, కొబ్బరన్నం, నువ్వులన్నం, పెరుగన్నం... ఈ ఐదూ మా వైపు లెక్క. వీటితో పాటు మలీద ముద్దలు, సత్తుపిండి ఉండాల్సిందే.

ముందు రోజుల నైవేద్యాలు సులువే. మొదటి రోజు నువ్వులు, నూకలు. రెండోనాడు అటుకులు, బెల్లం. ఆ తర్వాత ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ. అట్లంటే గుర్తొచ్చింది, కోస్తా జిల్లాల అక్కచెల్లెళ్ళ అట్లతద్ది దసరా వెళ్ళిన కొద్ది రోజులకే వస్తుంది. ఈ కాలమే అట్ల కాలమేమో! ఆరోనాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలూ లేవు, నైవేద్యమూ లేదు. పూర్వమెప్పుడో పేరుస్తున్న బతుకమ్మకు మాంసం తగిలిందనీ, అమ్మ అలిగిందనీ చెప్తారు. వంటింటి మనిషికి ఒక రోజు సెలవు ఇవ్వడానికే ఎవరో తెలివైన ఆడది ఈ కథ కల్పించిందని నా అనుమానం. ఏడోనాడు వేపకాయల బతుకమ్మ. పేరు చూసి భయపడకండి, వేపకాయ ఊసే ఉండదు. బియ్యప్పిండిని వేడి నీళ్ళతో కలిపి, వేపకాయల్లా చిన్నగా చేసి నూనెలో వేయిస్తారు. ఎనిమిదోనాడు నువ్వులు, బెల్లం, వెన్నతో వెన్నముద్దలు.

ఇప్పుడొక సంగతి గమనించండి. దీన్ని పంటల పండుగ అంటాం కదా, మరి ఆ రోజులకు వరి ఇంటికొస్తుందా? రాదు. అప్పటికి పొట్ట మీదో, ఈనుతూనో ఉంటుంది. కోతలు దీపావళి దాటాకే. బతుకమ్మ నాటికి చేతికొచ్చేవి తొలకరికి విత్తిన మెట్టపంటలు. పెసలు ముందు, నువ్వులు, మక్కజొన్న ఆ వెనక, పల్లీలు కాస్త అటూ ఇటూగా. అంటే సద్దుల కోసం వండే అన్నమంతా పాతబియ్యమే! కొత్త పంట దేవత ముందుకు వచ్చేది నువ్వుల్లోనూ, సత్తులోనూ. అందుకే నా మట్టుకు సత్తుపిండి లేని సద్దుల బతుకమ్మ పంటల పండుగ కానే కాదు. పులిహోర ఏ పండక్కి చెయ్యం చెప్పండి?

సత్తుకు పెద్ద విద్యేమీ అక్కర్లేదు. రెండు గ్లాసుల ఎండు మక్కజొన్న గింజలను మందపాటి మూకుడులో సన్నని సెగన వేయించాలి. కొన్ని పేలతాయి, మిగతావి దోరగా ఎర్రబడతాయి. చల్లారాక మిక్సీలో వేసి, జల్లించి, మిగిలిన రవ్వను మళ్ళీ పట్టాలి. గ్లాసు చక్కెరపొడి, నాలుగు యాలకులు కలిపితే అయిపోయింది. నీటి తడి తగలకపోతే పది రోజులైనా ఉంటుంది. బెల్లం రుచి ఎక్కువే గాని పిండి చెమ్మగిల్లుతుంది, ఆ పూటకైతేనే బెల్లం వెయ్యండి. నెయ్యి తినేటప్పుడు కలుపుకుంటే చాలు. పెసర్లతోనూ, పల్లీలతోనూ ఇదే పద్ధతి. మలీదకు నాలుగు గోధుమ రొట్టెలు కాస్త మందంగా కాల్చి, వేడి మీదే తుంపి, చిన్న గ్లాసు బెల్లం తురుముతో రోట్లో దంచాలి. రెండు చెంచాల నెయ్యి పోసి ముద్దలు కట్టాలి. జొన్నరొట్టెతో చేసేవాళ్ళూ ఉన్నారు.

నువ్వులన్నం దగ్గరే చాలామందికి చేయి తిరగదు. రెండు గ్లాసుల బియ్యాన్ని పలుకుగా వండి, పళ్ళెంలో పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. వేడన్నంలో పొడి కలిపితే ముద్దకట్టేస్తుంది. అర గ్లాసు తెల్ల నువ్వులను ఉత్త మూకుడులో కదుపుతూ వేయించాలి. చిటపటమని కమ్మటి వాసన రాగానే దించెయ్యాలి. రంగు మారేదాకా చూస్తే చేదెక్కుతాయి. ఆరేడు ఎండుమిరపకాయలు విడిగా వేయించి, నువ్వులతో కలిపి ఆగి ఆగి పట్టాలి. ఒక్కసారే తిప్పితే నూనె దిగి ముద్దవుతుంది. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, కరివేపాకు పోపు వేసి అన్నంలో కలపాలి. ఉప్పు పొడిలో కొంత, అన్నంలో కొంత వెయ్యాలి. ఎందుకో చివర్న చెబుతాను.

నాకు ఈ సత్తూ, నువ్వులన్నమూ నేర్పింది మా మేనత్త. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. పెత్తరమాస నుంచే ఆవిడ పని మొదలు. నువ్వులు కడిగి, పొట్టు పోయేలా పిసికి ఎండబెట్టడం, మక్కలు ఏరడం, వేయించడం, దంచడం అన్నీ ఆవిడే. "కండ్లతోని గాదు బిడ్డా, ముక్కుతోని ఏంచాలె" అనేది. మేం దంచుతామంటే రోకలి ఇచ్చేది గాని పొయ్యి దగ్గరికి మాత్రం రానిచ్చేది కాదు.

సద్దుల నాడు సాయంత్రం మేమంతా పట్టు పరికిణీలు కట్టుకుని, అమ్మ నెత్తిన బతుకమ్మతో బయల్దేరితే, ఆవిడ గడప లోపలే నిలబడేది. "అత్తమ్మ రాదేందే?" అని మా నాయనమ్మను అడిగాను ఒకసారి. "దానికి పసుపుబొట్టు లేదు గద బిడ్డా" అంది. గట్టు మీద ఆట అయ్యాక, పసుపు గౌరమ్మను తీసి ముత్తయిదువులు పుస్తెలకు పెట్టుకునేవారు. తర్వాత గిన్నెలు విప్పి ఒకరి దోసిట్లో ఒకరు సద్దులు పెట్టుకునేవారు. మా ఇంటి సత్తు కావాలని ఊళ్ళోవాళ్ళు అడిగి మరీ పెట్టించుకునేవారు. చేసిన మనిషి మాత్రం ఇంటికి తిరిగొచ్చిన గిన్నెలో అడుగు తుడుచుకునేది.

బతుకమ్మ పుట్టుక గురించి చెప్పే కథల్లో ధర్మాంగదుడి కథ ఒకటి. నూరుగురు కొడుకులు పోయిన దంపతులకు లక్ష్మి బిడ్డగా పుడితే, ఈ పిల్లయినా బతకాలని బతుకమ్మ అని పేరు పెట్టారట. చావును ఇంతగా చూసిన ఇంటి కథతో మొదలైన పండగకు, మా అత్తమ్మ ఎట్లా పనికిరాకుండా పోయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

2014లో తెలంగాణ వచ్చాక ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసింది, తంగేడును రాష్ట్ర పుష్పం చేసింది. అమెరికాలో, ఇంగ్లండులో మన ఆడవాళ్ళు తంగేడు దొరక్కపోయినా చామంతులతో పేరుస్తున్నారు. పూలకైతే కరువు గాని, నువ్వులూ మక్కలూ ఎక్కడైనా దొరుకుతాయి కదా, సద్దులకు వంకేముంది?

కొన్నేళ్ళ కిందట మా అత్తమ్మ దసరాకు నా దగ్గరికి వచ్చింది. మా అపార్ట్‌మెంట్ ముందే ఆట. ఆవిడను బలవంతంగా కిందికి తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆట అయ్యాక గిన్నె విప్పి, మొదటి ముద్ద ఆవిడ చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. "ముందుగాల ముత్తయిదువలకు పెట్టు" అంది. చుట్టూ నలుగురూ చూస్తున్నారు, ఒకావిడ ముఖం పక్కకు తిప్పుకుంది కూడా. నేను చెయ్యి చాపుకునే నిల్చున్నాను. ఎంతసేపో తెలియదు. చివరికి మా పక్కింటి కోడలు పిల్ల, ఆ పులిహోర ఆర్డరు పిల్లే, అప్పుడు కొత్తగా వచ్చింది... "అమ్మమ్మా, మీరు తీసుకుంటేనే మాకు పెడుతుందట, ఆకలేస్తోంది!" అంది. అందరూ నవ్వారు. అత్తమ్మ దోసిలి పట్టింది.

నువ్వులన్నం నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు నమిలింది. ఏమంటుందోనని నేను ఊపిరి బిగబట్టాను.

"ఉప్పు తక్కువైంది బిడ్డా" అంది. "అన్నంల ఏస్తే సరిపోదు. పొడిల గూడ ఎయ్యాలె."